నా చేతి నీళ్లు

ఈ ఎండాకాలం నేనెవరినీ క్షమించలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివరికి నా మనసు కరిగిందేమోనని ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు.

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మా అత్తవాళ్లది పాత్రల దుకాణం. రాగి, ఇత్తడి, స్టీలు. నేను కోడలిగా వెళ్లాక సగం దుకాణం ఖాళీ చేయించి చేపల తొట్లు పెట్టించాను. బోర్డు మీద నా భర్త కౌశిక్ తన పేరు రాయించుకున్నాడు, నేనూ పట్టించుకోలేదు. మా దగ్గర అన్నిటికన్నా గొప్పవి డిస్కస్ చేపలు. పళ్లెంలా గుండ్రంగా, ఒంటినిండా నీలి చారలతో ఉంటాయి. అందం ఎంతో అలకా అంతే. నల్లా నీళ్లలో వేస్తే మూలకు పోయి ముడుచుకుంటాయి, మా బోరు నీళ్లలో వేస్తే ఏకంగా ప్రాణమే వదిలేస్తాయి. వాటికి నీళ్లు ప్రత్యేకంగా తయారు చేయాలి. అవును, వంట చేసినట్టే చేయాలి.

ఆ వంట నాది. బోరు నీళ్లను మిషన్‌లో వడగడితే అందులోని సున్నమూ ఉప్పూ పోయి ఉట్టి నీళ్లు మిగులుతాయి. ఉట్టి నీళ్లలోనూ చేప బతకదు. కనుక కాసిని బోరు నీళ్లు మళ్లీ కలపాలి, మీటరు ముంచి చూసుకుంటూ, పులుసులో ఉప్పు సరిచూసుకున్నట్టు. ఆ తర్వాత నీలి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, ఎండిన బాదం ఆకులు వేసి, గాలి గొట్టం వదిలి, మర్నాటి దాకా దాని జోలికి పోకూడదు. ఆ నీళ్లు పోసినప్పుడు డిస్కస్ చేపలు రెక్కలు విప్పుకుని ముందుకొస్తాయి. అది చూడటానికే నేను పొద్దున్నే లేచేదాన్ని.

మా అత్తమ్మ ఇందిరమ్మకు నా నీళ్లంటే చిన్నచూపు. "మిషన్ల పోసి సంపిన నీళ్లు" అనేది. ఆమె తాగేది రాగి బిందెలో నీళ్లే. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా రాగి చెంబు వెంట ఉండాల్సిందే. రాగిలో పోస్తే ఏ నీళ్లకైనా దోషం పోతుందని ఆమె నమ్మకం. బేరానికొచ్చిన వాళ్లకు చెప్పేదీ అదే కనుక నమ్మకం, వ్యాపారం రెండూ చక్కగా నడిచిపోయేవి. నాకూ అభ్యంతరం లేదు. నా డ్రమ్ములు నావి, ఆమె బిందెలు ఆమెవి.

శివరాత్రి వెళ్లాక డిస్కస్‌లో ఒక జంట కుదిరింది. తొట్టిలో బోర్లించిన మట్టికుండ మీద గుడ్లు పెట్టాయి, ఆవాలు అద్దినట్టు వరసగా. నేను అన్నం మానేసి దాని ముందే కూర్చున్నాను. గుడ్లు తెల్లబడిపోయాయి. కొత్త జంటకు మొదటి గుడ్లు నిలవకపోవడం మామూలే, ఆ మాటే అన్నాను.

"మామూలేంది?" అంది ఇందిరమ్మ, అవతలి సగంలో బిందెలు చూపిస్తూనే. "ఒడి నిండనోళ్ల చెయ్యి తగిలితె పిల్లలు బతుకుతయా?"

బిందె బేరం చేస్తున్న ఆడవాళ్లు బేరం ఆపి నన్ను చూశారు. పెళ్లయి ఇన్నేళ్లయినా మాకు పిల్లల్లేరు. డాక్టరు దగ్గరికి నేను పోయాను, అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. కౌశిక్‌ను రమ్మంటే ఎప్పుడూ దుకాణంలో పనే. నేనప్పుడు అతని వైపే చూశాను. ఒక్క మాట, తల్లిని ఒక్క మాట అంటాడని.

అతను తల వంచుకుని గల్లాపెట్టె తెరిచాడు, మూశాడు. "జర కొన్ని దినాలు నీళ్లు ముట్టకు వాసవీ," అన్నాడు. "అమ్మ మనసు నిమ్మళపడని."

ఆమె తిట్టింది, అతను ఒప్పుకున్నాడు. తిట్టుకన్నా ఒప్పుకోలు నన్ను ఎక్కువ కాల్చింది. నేను చేతులు తుడుచుకుని, బ్యాగు సర్దుకుని తాండూరు రైలెక్కాను. ధారూర్ దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. తర్వాత ఏడుపు పోయి పళ్లు కొరకడం మొదలైంది.

మా నాయిన కైలాసం తాండూరు బజార్లో కందిపప్పు వ్యాపారి. నా బ్యాగు చూసి ఏమీ అడగలేదు. మూడో పూట అన్నం దగ్గర మాత్రం నోరు విప్పాడు.

"పొమ్మన్నరా, నువ్వే వచ్చినవా?"

"నా చెయ్యి మంచిది కాదన్నరు నాయినా."

నాయిన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "మీ అమ్మ పోయినంక గీ ఇంట్ల పొయ్యి వెలిగిచ్చింది గా చెయ్యే," అని లేచిపోయాడు.

తాండూరులో ఎండాకాలమంటే తెల్లటి దుమ్ము. నాపరాళ్లు కోసే, పాలిషు పట్టే మిషన్లు ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఇంటి గచ్చు రాయే, గోడ రాయే, కప్పు రాయే. బోరు నీళ్లలోనూ సగం రాయే. టీ గిన్నెకు అడుగున సున్నం పట్టేది, తలస్నానం చేస్తే జుట్టు చీపురులా నిలబడేది. ఈ నీళ్లలో ఒక్క డిస్కస్ కూడా బతకదు అనుకునేదాన్ని, అనుకున్నప్పుడల్లా ఆ జంట గుర్తొచ్చేది. తల్లి చేపకు కుడి రెక్క చివర చిన్న చీలిక. తండ్రి చేప నా వేలిని గాజు అవతలి నుంచి వెంబడించేవాడు. వాటిని వదిలేసి వచ్చినందుకు నా మీద నాకే కోపం, ఆ కోపం కూడా తీసుకెళ్లి వాళ్ల ఖాతాలోనే వేశాను.

ఉగాది దాటాక కౌశిక్ ఫోన్ చేశాడు. బాగున్నావా అన్నాడు. వెంటనే, "నీళ్లు ఎట్ల కలుపుతవు చెప్పు" అన్నాడు. బాగున్నావా అన్నది ఆ ప్రశ్నకు ముందు మెట్టు మాత్రమే.

అబద్ధం చెప్పాలని ఎంత బుద్ధి పుట్టిందో నాకే తెలుసు. ఉప్పు పిడికెడు వెయ్యి, సున్నం కలుపు అని ఏదో ఒకటి చెబితే తెల్లారేసరికి వాళ్ల తొట్లు ఖాళీ. కానీ గాజు అవతల నా చేపలున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిషన్ నీళ్లు ఎన్ని, బోరు నీళ్లు ఎన్ని, మీటరు ఎక్కడ ఆగాలి, గాలి ఎంతసేపు పెట్టాలి, అన్నీ. అతను రాసుకున్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్. ఈసారి బాగున్నావా కూడా లేదు.

"ఏం చెప్పినవ్ నాకు? చేపలన్ని నల్లగయితున్నయి. మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. రోజుకిన్ని సస్తున్నయి."

"నేను చెప్పినట్టే కలుపుతున్నవా?"

"మీటరు వెట్టి మరీ కలుపుతున్న. కావాలనే తప్పు చెప్పినవని అమ్మ అంటున్నది."

"మరి నువ్వేమంటున్నవ్?"

ఫోన్ పెట్టేశాడు. ఎప్పటి కౌశికే.

ఇందిరమ్మ అక్కడితో ఆగలేదు. వికారాబాద్‌లో, తాండూరులో మావాళ్ల ఇళ్లలో ఎక్కడ నలుగురు కలిసినా ఆమె మాటే. కోడలు పోతూ పోతూ మా నీళ్లకు ఏదో చేసి పోయింది. చెయ్యే అనుకున్నాం, నాలుకా అంతే. ఒక వ్రతానికి వెళ్తే పేరంటాళ్లు నా చేతి నుంచి తాంబూలం తీసుకుని పక్కన పెట్టేశారు. నిజం చెప్పి దోషినయ్యాను. అబద్ధం చెప్పినా ఇంతే కదా, కనీసం ఆ సుఖమైనా దక్కేది! ఆ రోజు నేను నిశ్చయించుకున్నాను. నేనేమీ చేయను. వాళ్లంతట వాళ్లే మునగాలి, నేను గట్టున నిలబడి చూడాలి.

మే నెలలో ఇందిరమ్మ తమ్ముడు వేణు మామయ్య మధ్యవర్తిగా కబురు పెట్టాడు. అటో ఇటో తేల్చుకుందాం, రమ్మని. నాయినా నేనూ వెళ్లాం. మాటలు దుకాణంలోనే జరిగాయి, మధ్యాహ్నం పూట సగం షట్టరు దించి.

తొట్లన్నీ చీకటిగా ఉన్నాయి. డిస్కస్ తొట్టిలో నా జంట తప్ప ఇంకేమీ మిగల్లేదు. అవి కూడా బొగ్గు రంగుకు తిరిగి, మూలన తలకిందులుగా ఆనుకుని ఉన్నాయి. నేను వేలు పెడితే తండ్రి చేప కదల్లేదు. వెనక్కి తిరిగాను, డ్రమ్ము చూద్దామని.

నీలి డ్రమ్ములు లేవు. వాటి స్థానంలో నడుము ఎత్తు రాగి గంగాళం ఉంది. పసుపు కుంకుమ బొట్లు, మెడకు పూలదండ. లోపల నా లెక్క ప్రకారం కలిపిన నీళ్లు, గాలి గొట్టం బుడగలు వదులుతూ ఉంది. గంగాళం ఎంత మెరుస్తోందంటే అందులో నా మొహం కనిపించింది.

"గా డ్రమ్ములు నేనే పారేపిచ్చిన," అంది ఇందిరమ్మ. "ఆమె చేతి దోషం పోవాలె గద. దినాం చింతపండు వెట్టి తోముతున్న. మా దుకాణంల గింత మంచి గంగాళం ఇంకోటి లేదు."

నాకు ఒక్క క్షణంలో అంతా తెలిసింది. ఉట్టి నీళ్లు ఆకలి మీద ఉంటాయి, ఏ పాత్రలో పోస్తే ఆ పాత్రను నాకుతాయి. బోరు నీళ్లయితే సున్నం పట్టి రాగికి కాస్త అడ్డం ఉండేది. ఇక్కడ ఆ అడ్డం కూడా లేకుండా ఆమె రోజూ పొద్దున్నే చింతపండుతో తోమి, కొత్త రాగి బయటపెట్టి, అందులో నీళ్లు పోయిస్తోంది. రాగి తగిలిన నీళ్లు మనుషులకు మంచిదంటారు, కావచ్చు. చేపకు అది విషం. నా చేతి దోషం కడగబోయి ఆమె చేత్తో ఆమే దుకాణం ఖాళీ చేసుకుంది.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని వేణు మామయ్య మంచినీళ్లు తెమ్మన్నాడు.

"పోనీ బిడ్డా," అన్నాడు, "నీకేం కావాలె? తిరిగొస్తవా?"

"గా రెండు చేపలిప్పిచ్చుండ్రి మామయ్యా. ఇంకేమొద్దు."

ఇందిరమ్మ చెయ్యి విసిరింది. "తీస్కపోనీ. ఎట్లైన సచ్చేటియే. ఆమె చేతులనే సావని."

నేను ప్లాస్టిక్ సంచి తీసుకుని, గంగాళం ముట్టకుండా, మిషన్ గొట్టం నుంచే నీళ్లు పట్టుకుని, బోరు నీళ్లు కొద్దిగా కలిపాను. సంచిలో గాలి నింపి జంటను అందులోకి మార్చాను. గుమ్మం దగ్గర వేణు మామయ్య అడిగాడు. "పోయేముందు నీళ్ల గురించి ఏమన్న చెప్పేదుంటె చెప్పు బిడ్డా. ఎక్కడుంది తప్పు?"

"నీళ్లల్ల తప్పు లేదు మామయ్యా," అన్నాను. అది నిజమే. ఇందిరమ్మ వైపు తిరిగాను. "గంగాళం మస్తు మెరుస్తున్నది అత్తమ్మా. ఇట్లనే తోముండ్రి."

ఆమె మొహం వెలిగిపోయింది పాపం.

రైల్లో సంచి ఒళ్లో పెట్టుకుని, తడి తువ్వాలు కప్పి కూర్చున్నాను. నాయిన చాలాసేపు చూసి, "ఏదో తెల్సుకున్నవ్, చెప్పలేదు" అన్నాడు. అవునన్నాను. "చెప్పేదుండె" అన్నాడు. "నా చెయ్యి మంచిది కాదు గద నాయినా, నోరెందుకు మంచిగుండాలె?" అన్నాను. నాయిన సంచి మీద జారిన తువ్వాలు సరిచేశాడు.

తాండూరులో చిన్న మిషన్ ఒకటి కొన్నాం. అంత సున్నాన్ని మింగలేక అది మాటిమాటికీ మొరాయించేది. అయినా రోజుకు ఒక బకెట్ ఇచ్చేది, దాంతోనే ఆ జంటను బతికించుకున్నాను. ముందు నలుపు విరిగింది. తర్వాత చారలు తేలాయి. ఒకరోజు తండ్రి చేప నా వేలి వెంట రెండు అడుగులు వచ్చాడు. ఆ రోజు నాయిన తనే సేమియా పాయసం వండాడు, మాడింది, తిన్నాం.

మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. మొదటి వాన నేను పట్టలేదు, ఆకాశంలోని రాతి పొడంతా అందులోనే దిగుతుంది. రెండో వానకు పెరట్లో కొత్త ప్లాస్టిక్ కవరు కట్టాం, రాతి కప్పు మీద పడిన చుక్క ఒక్కటి కూడా కలవకుండా. నాయినా నేనూ తడుస్తూ డ్రమ్ములు నింపాం. ఎదురింటి భాగమ్మ గొడుగు పట్టుకుని వచ్చి, "ఏందో గీ పిచ్చి" అని నవ్వి, తనూ ఒక డ్రమ్ము పట్టింది.

ఆ వాన నీళ్లలో కాసిని బోరు నీళ్లు కలిపి పోశాక జంట మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి తెల్లబడలేదు. గుడ్లు చిట్లి, పిల్లలు వణుకుతూ లేచి, వెళ్లి తల్లి ఒంటికి అతుక్కున్నాయి. డిస్కస్ పిల్లలు తల్లి ఒంటి మీది జిగురు తిని బతుకుతాయి. తల్లి అలసిపోతే ఒళ్లు విదుల్చుకుంటుంది, పిల్లలన్నీ తండ్రి మీదికి మారతాయి. అవును, తండ్రి కూడా పెంచుతాడు. చేపల్లో.

వీడియో తీసి కౌశిక్‌కు పంపాను. ఒక్క ముక్క రాయలేదు, రాయాల్సిందేముంది. అది వికారాబాద్‌లో ఎన్ని ఫోన్లలో తిరిగిందో, వ్రతంలో తాంబూలం పక్కన పెట్టిన ఆమే నాకు ఫోన్ చేసి "నీ చేతిల ఏదో ఉందమ్మా" అంది. పెట్టేశాను.

కౌశిక్ వచ్చాడు. కొత్త చేపలు తెప్పించాడట, అవి కూడా నల్లబడుతున్నాయట. తొట్టి ముందు గొంతుక్కూర్చుని పిల్లలను చాలాసేపు చూశాడు. అతని కళ్లలో తడి చూసి నాకు ఒక పక్క జాలి, ఇంకో పక్క ఇన్నాళ్లకా అని మంట.

"తప్పెక్కడుందో చెప్పు వాసవీ. నీ కాళ్లు మొక్కుత."

"నీకు చెప్ప. అత్తమ్మను రమ్మను. గీ గచ్చు మీద నిలవడి ఆమెనే అడగాలె."

"ఆమె రాదు. అంతల్నే చేపలు సస్తయి."

"అయితె ఆమెకు గదే చెప్పు."

చేపల ఉసురు నాకూ తగులుతుందని తెలుసు. అతను వెళ్లాక తొట్టి ముందు కూర్చుంటే కొత్త చేపలు నోళ్లు తెరుస్తున్నట్టే అనిపించింది. అయినా ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దుటి రైలుకు ఇందిరమ్మ వచ్చింది. ఎండకు మొహం ఎర్రబడి, చంకలో సంచి, సంచిలో రాగి చెంబు. వెనకాల కౌశిక్. నాయిన కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేరుగా తొట్టి దగ్గరికి నడిచింది. పిల్లలు ఇప్పుడు తండ్రి ఒంటి మీద ఉన్నాయి, గుంపుగా, రెక్క ఎటు తిరిగితే అటు. ఆమె చూస్తూ ఉండిపోయింది. మనుమల కోసం ఎన్ని మొక్కులు మొక్కిందో నాకూ తెలుసు. ఆ క్షణంలో ఆమె ముసలిదని తట్టింది. తట్టినా ఆగలేదు.

"ఏం చేసినవు వీటికి?" అంది, గాజు మీది నుంచి చూపు తీయకుండా.

"నీళ్లు కలిపిన. మీ కొడుక్కు చెప్పినట్టే."

"మరి మావెందుకు బతుకుతలేవు?" గొంతు తగ్గించింది. "చెప్పు వాసవీ. నేనే అడుగుతున్న."

ఇన్ని నెలలు ఈ మాట కోసమే కాచుకున్నాను. నిదానంగా చెప్పాను. గంగాళం సంగతి, చింతపండు సంగతి, ఆ నీళ్లు రాగిని ఎట్లా నాకుతాయో, అది చేపల ఒంట్లోకి ఎట్లా పోతుందో. ఆమె మొహంలో ఒక్కొక్క పొద్దూ వెనక్కి తిరగడం కనిపించింది, తను తోమిన ఒక్కొక్క పొద్దూ.

"మేం ఇన్నేండ్ల నుంచి తాగుతలేమా?" అంది చివరికి.

"మనుషులకేం కాదు అత్తమ్మా. చేపలకే."

అక్కడితో ఆపవచ్చు. నాయిన కళ్లతో ఆపమన్నాడు కూడా. నేను ఇంకో అడుగు దగ్గరికి వెళ్లాను.

"మీ చెయ్యి తగిలితె పిల్లలు బతుకవు."

ఇందిరమ్మ కొడుకు వైపు చూసింది, ఒక్క మాట అంటాడని. ఆ చూపు నాకు బాగా తెలుసు, నేనూ అట్లాగే చూశాను. కౌశిక్ తల వంచుకున్నాడు. అనడానికి అతని దగ్గర ఏమీ లేకపోతే, అతని మాట నేనే అందించాను.

"జర కొన్ని దినాలు అమ్మను నీళ్లు ముట్టొద్దను కౌశిక్."

ఇందిరమ్మ కుర్చీలో కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అలవాటుగా సంచిలోంచి చెంబు తీసింది, మూత తిప్పింది, నోటి దాకా తెచ్చి ఆగింది. తాగితే ఏమీ కాదని ఇప్పుడే చెప్పాను. అయినా ఆమె ఆ చెంబును పట్టుకున్న తన చేతులనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా కింద పెట్టేసింది.

నేను లోపలికి వెళ్లి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చాను. మా పెళ్లికి వాళ్ల దుకాణం నుంచే వచ్చిన గ్లాసు.

"తాగుండ్రి అత్తమ్మా," అన్నాను. "నా చేతి నీళ్లే."

ఆమె రెండు చేతులతో అందుకుంది. నన్ను చూడకుండా, గుక్క గుక్కగా తాగింది. నేను గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.